లైట్లు ఉన్నాయి, వెలుతురేదీ?



మీ ఊళ్లో వీధి లైట్లు ఎన్ని ఉన్నాయని పంచాయతీ ఆఫీసులో అడగండి. జవాబు వెంటనే వస్తుంది, రిజిస్టరులో రాసి ఉంటుంది కనుక. వాటిలో నిన్న రాత్రి ఎన్ని వెలిగాయని అడిగితే కార్యదర్శిగారు కాస్త తల గోక్కుంటారు. మరి రోడ్డు మీద ఎంత వెలుతురు పడుతోందండీ అని అడిగారంటే, ఈయనకు వేరే పనేమీ లేదా అన్నట్టు చూస్తారు. ఆయన్ని తప్పు పట్టలేం. ఆ మూడో ప్రశ్నకు మన రిజిస్టర్లలో గడే లేదు. పట్నాల్లోనూ ఇదే వరస. ఇన్ని వేల లైట్లు బిగించాం, ఇన్ని కోట్లు ఖర్చు పెట్టాం అని ప్రకటనలు వస్తాయి. ఫలానా వీధిలో చీకటి పోయిందా లేదా అని చూసి రాసే మనిషి ఉండడు. మునిసిపాలిటీ ఎలక్ట్రికల్ విభాగంలో ఏఈగా చేరి, ఆ విభాగంలోనే రిటైరైనవాణ్ణి. కాబట్టి ఇది బయటివాడి విమర్శ అనుకోకండి, ఇంటి మాటే.

వెలుతురుకు కొలత ఉంది. లక్స్ అంటారు. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. నిండు పున్నమి వెన్నెల పావు లక్స్‌కు అటూ ఇటూ. ఈ రెండింటి మధ్య వీధి దీపం ఎక్కడ ఉండాలో మన దేశంలో 1970లోనే కాగితం మీద పెట్టారు. ఆ ప్రమాణం పేరు ఐఎస్ 1944. చూడగానే అదేదో సంవత్సరం అనిపిస్తుంది గానీ, అది దాని నంబరు మాత్రమే. వాహనాలు ఒత్తుగా, వేగంగా తిరిగే ముఖ్య రహదారి మీద సగటున 30 లక్స్, అన్ని రకాల బళ్లూ కలిసి తిరిగే ప్రధాన రోడ్లకు 15, రద్దీ ఉన్న రెండో తరగతి రోడ్లకు 8, రద్దీ తక్కువ ఉన్న వీధులకు 4 ఉండాలని అందులో ఉంది.

అంతవరకూ టెండరు కాగితాల్లో అందరూ రాస్తారు. దాని పక్కనే ఇంకో అంకె ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. సగటు ఎంతున్నా, అన్నిటికన్నా తక్కువ వెలుతురు పడే చోట కూడా ఆ సగటులో ఇంత వంతు ఉండాలని నియమం. ప్రధాన రోడ్లకు అది 0.4. అంటే సగటు 15 లక్స్ ఉండాల్సిన రోడ్డులో, బాగా మసకగా ఉన్న చోట కూడా 6 లక్స్‌కు తగ్గకూడదు. ఎందుకంటారా? మన కన్ను ఎంత వెలుతురుకైనా సర్దుకుంటుంది, కానీ దానికి కాస్త సమయం కావాలి. వెలుగులోంచి చీకట్లోకి, చీకట్లోంచి వెలుగులోకి నాలుగు సెకన్లకోసారి దూకిస్తుంటే సర్దుకోలేదు. బండి మీద వెళుతున్నవాడికి స్తంభం కింద పడుకున్న కుక్క కనిపిస్తుంది, రెండు స్తంభాల నడుమ నడుస్తున్న మనిషి కనిపించడు. వయసు మీద పడ్డవాళ్లకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

పల్లెల్లో ఈ చీకటి ఖాళీలు ఎలా వస్తాయో చూడండి. అక్కడి స్తంభాలు దీపాల కోసం పాతినవి కావు. ఇళ్లకు కరెంటు ఇవ్వడానికి విద్యుత్ సంస్థవాళ్లు వేసినవి. తీగ ఎంత దూరం సాగదీయవచ్చో ఆ లెక్కన, 40, 50 మీటర్లకొకటి ఉంటుంది. పంచాయతీ వాటికే బ్రాకెట్టు తగిలించి దీపం పెడుతుంది. దీపం ఉండే ఎత్తు ఆరేడు మీటర్లు. మా లెక్కలో ఒక మోటు సూత్రం ఉంది: దీపం ఎంత ఎత్తున ఉందో దానికి మూడు, మూడున్నర రెట్ల దూరంలో పక్క దీపం ఉండాలి. 9 మీటర్ల స్తంభమైతే 30 మీటర్లకు కాస్త అటూ ఇటూ. ఏడు మీటర్ల ఎత్తున దీపం పెట్టి 50 మీటర్లకు ఇంకొకటి పెడితే నడుమ చీకటి తప్పదు. అప్పుడు సర్పంచుగారు ఇంకాస్త పెద్ద వాట్ల లైటు పెట్టించమంటారు. పెట్టిస్తే ఏమవుతుంది? స్తంభం కింద పెళ్లి పందిరి, నడుమ అదే చీకటి, కళ్లకు మరింత చీకటి.

రోడ్డు వెడల్పు కూడా చూడాలి. దీపం ఎత్తుకు రోడ్డు వెడల్పు మించకపోతే ఒక పక్కనే స్తంభాలు చాలు. ఒకటిన్నర రెట్ల దాకా ఉంటే ఇటొకటి అటొకటిగా, ఎడంగా వేస్తారు. అంతకు మించితే రెండు పక్కలా ఎదురెదురుగా. రోడ్డు వంపు తిరిగే చోట వంపుకు బయటి వైపున స్తంభాలుండాలి, మలుపు ఎటు పోతోందో దూరం నుంచే తెలుస్తుంది. ఇవన్నీ మాకు చదువులో చెప్పినవే. ఊళ్లో పనికి దిగితే ఒక స్తంభం ఎవరి వాకిలికో అడ్డం, ఇంకోటి ఎవరి దుకాణం బోర్డుకో అడ్డం. గుంట తవ్వితే మంచినీళ్ల పైపు. నాలుగు అడుగులు అటు, ఆరు అడుగులు ఇటు జరుపుకుంటూ పోతే ఆఖరికి డ్రాయింగుకూ వీధికీ పొంతనుండదు.

పట్నాల్లో ఈమధ్య అందరూ సెంట్రల్ లైటింగు అడుగుతున్నారు. డివైడరు మధ్యలో స్తంభాలు, రెండు వైపులా చేతులు చాచిన దీపాలు, లేదా సీతాకోకచిలుక రెక్కల్లాంటి బటర్‌ఫ్లై లైట్లు. స్తంభం చుట్టూ రంగుల పట్టీలు కూడా చుడుతున్నారు. ఫొటోకు బాగుంటుంది. ఖర్చు కూడా కలిసొస్తుంది, ఒక్క స్తంభంతో రెండు దారులకూ వెలుతురొస్తుంది. కానీ ఆ వెలుతురు బళ్లు పోయే దారి మీద పడి అక్కడితో సరి. నడిచేవాళ్లు ఉండేది అంచున. రాత్రి పదింటి దాకా దుకాణాల వెలుగులో ఈ లోపం తెలియదు. షట్టర్లు దింపేశాక ఆ రోడ్డంట ఒకసారి నడిచి చూడండి. రెండో ఆట సినిమా చూసి వచ్చేవాళ్లు, రాత్రి డ్యూటీ దిగిన నర్సమ్మలు నడిచేది ఆ అంచునే. ఎదురొచ్చే మనిషి మొహం నాలుగు బారల దూరంలోనైనా ఆనవాలు పట్టగలిగేలా ఉండాలి కదా. బస్టాపు, రోడ్డు దాటే చోటు, స్పీడ్ బ్రేకరు, ఈ మూడు చోట్లా ఒక్కో దీపం వేరుగా పెట్టడానికి అయ్యే ఖర్చు, ఆ రంగు పట్టీల ఖర్చుతో పోలిస్తే ఎక్కువేం కాదు. నా మటుకు నేను రంగుల పట్టీలకు విరోధిని కాను. ముందు ఆ మూడూ పూర్తి చేసి, తర్వాత పండగ చేసుకోమంటాను.

ఇక చెట్లు. కానుగ, తురాయి, వేప. మునిసిపాలిటీలో ఉద్యానవనం వాళ్లకూ మాకూ ఎన్నటికీ తెగని తగవు ఇది. మొక్క నాటినప్పుడు అది మోకాలెత్తు, దీపం తొమ్మిది మీటర్లు. పదేళ్లు పోయేసరికి దీపం కొమ్మల్లో ఉంటుంది. వెలిగేది కాకులకే. చెట్టు తల నరకడం తేలిక, చాలామంది చేసేది అదే. దీపం కింద రోడ్డు వైపుకు వాలిన కొమ్మలు మాత్రం తీసేస్తే సరిపోతుంది. అదీ కుదరకపోతే బ్రాకెట్టు పొడుగు చేయాలి, లేదా దీపాన్నే కొమ్మల కిందికి దించి తక్కువ వాట్లవి ఎక్కువ పెట్టుకోవాలి.

ఎల్‌ఈడీల సంగతికొద్దాం. 2014 అక్టోబరు 7న భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ముగ్గురు జపాన్ మూలాల శాస్త్రవేత్తలకు ప్రకటించారు. అకసాకి, అమానో, నకమురా. నీలి రంగు ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు. ఆ నీలం లేకపోతే తెల్లని ఎల్‌ఈడీ వెలుగు లేదు. సరిగ్గా ఐదు రోజులకు, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని ఊడ్చేసింది. స్తంభాలు, తీగలు, దీపాలు అన్నీ నేలకొరిగాయి. ఆ తర్వాత పాత సోడియం దీపాలు మళ్లీ పెట్టకుండా నగరమంతటా 90 వేలకు పైగా ఎల్‌ఈడీ దీపాలు బిగించారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ ఆ పని చేసింది. 2015 జనవరి 5న దేశమంతటికీ వీధి దీపాల జాతీయ పథకం మొదలైంది. హైదరాబాదులో లక్షల దీపాలు మారాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెలకూ వచ్చాయి.

లాభం చిన్నది కాదు. 150 వాట్ల సోడియం దీపం చోకుతో కలిపి 170 వాట్ల దాకా లాగేది. దాని చోట 70 వాట్ల ఎల్‌ఈడీ పెడితే ఒక్కో దీపానికి ఏడాదికి 400 యూనిట్ల దాకా మిగులుతుంది. పైగా సోడియం పసుపులో ఎర్ర చీరా, ఆకుపచ్చ చీరా ఒకే రంగులో కనిపించేవి. గుద్దేసి పారిపోయిన కారు రంగేమిటని పోలీసులు అడిగితే చూసినవాడు చెప్పలేకపోయేవాడు. ఆ బాధ పోయింది.

కానీ చాలా చోట్ల జరిగింది దీపం మార్పిడి మాత్రమే. పాత స్తంభం, పాత దూరం, పాత బ్రాకెట్టు, దాని మీద కొత్త దీపం. అక్కడ ఒక ఇబ్బంది ఉంది. సోడియం బల్బు అన్ని వైపులకూ వెలుగు చిమ్ముతుంది, వెనక ఉన్న రేకు దాన్ని రోడ్డు వైపుకు మళ్లిస్తుంది. అందుకని పాత బ్రాకెట్ల మూతి బాగా పైకెత్తి ఉండేది. ఎల్‌ఈడీలో చిన్న చిన్న కటకాలుంటాయి, వెలుగు ఎటు పోవాలో అవే చూసుకుంటాయి. దీన్ని నేలకు సమాంతరంగా, లేదా ఏ కాస్తో వాలుతో బిగించాలి. పాత బ్రాకెట్టు మూతికే తొడిగితే వెలుగు సూటిగా ఎదురొచ్చే బండివాడి కళ్లలోకీ, ఎదురింటి మేడ మీద పడగ్గదిలోకీ పోతుంది. ఇంటాయన వచ్చి, లైటు తీసేయండి మహాప్రభో అంటాడు. తీయక్కర్లేదు, స్పానరుతో రెండు నట్లు వదులు చేసి దీపం తల దించితే చాలు. ఈ చిన్న పనికి మనిషిని పంపక నెలల తరబడి నడిచిన ఫిర్యాదులు నాకు తెలుసు.

రంగు కూడా మనం ఎంచుకోవచ్చు. మన ఊళ్లలో ఎక్కువగా పెట్టింది నీలి ఛాయతో ఉండే తెలుపు, మా భాషలో 5700 కెల్విన్. అది చూడటానికి ఎక్కువ వెలుగులా అనిపిస్తుంది, తక్కువ ఖర్చులో ఎక్కువ వెలుతురూ ఇస్తుంది. అయితే రాత్రిపూట నీలి వెలుగు నిద్రకు మంచిది కాదని, వీధులకు 3000 కెల్విన్ మించనివి వాడమని అమెరికా వైద్యుల సంఘం 2016లోనే చెప్పింది. మనవైపు దీనికి ఇంకో లెక్క ఉంది. విశాఖ, శ్రీకాకుళం తీరాలకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్లలు గుడ్డు పగిలి బయటికి రాగానే వెలుగున్న దిక్కుకు పాకుతాయి. ఆ వెలుగు సముద్రం మీద ఆకాశానిది కావాలి. బీచి రోడ్డు దీపాలదైతే అవి రోడ్డు మీదికొస్తాయి. తీరం వెంట దీపాలకు సముద్రం వైపు అడ్డు కట్టి, రంగు పసుపు వైపుకు మార్చుకోవడం పెద్ద ఖర్చు కాదు.

ఇప్పుడు నిర్వహణ. నన్నడిగితే అసలు కథ ఇక్కడే ఉంది.

కాస్త వెనక్కి వెళ్దాం. బెంగళూరులో 1905 ఆగస్టు 5న శివనసముద్రం జలవిద్యుత్తుతో వీధి దీపాలు వెలిగాయి. అంతకు ముందు చాలా పట్నాల్లో కిరసనాయిలు దీపాలే. సాయంత్రం అయ్యేసరికి నిచ్చెన, నూనె డబ్బా పట్టుకుని మునిసిపాలిటీ మనిషి వచ్చేవాడు. ప్రతి దీపం దగ్గరా ఆగి, గాజు మీద మసి తుడిచి, ఒత్తి సరిచేసి, నూనె పోసి వెలిగించేవాడు. వెలుతురు ఇప్పటిదాంట్లో ఎన్నో వంతో గానీ, ప్రతి దీపాన్నీ ప్రతి రోజూ ఒక మనిషి చూసేవాడు. ఇప్పటి దీపాన్ని బిగించిన రోజు చూస్తాం, మళ్లీ ఆరిపోయాక చూస్తాం.

ఎల్‌ఈడీ 50 వేల గంటలు వస్తుందని పెట్టె మీద ఉంటుంది. రాత్రికి 11 గంటల చొప్పున ఏడాదికి 4 వేల గంటలు, అంటే 12 ఏళ్లు. లెక్క బాగానే ఉంది. కానీ ఆ 50 వేల గంటలు లోపలి చిప్పులకు. పైగా అన్ని గంటలు గడిచేసరికి వెలుగు 70 శాతానికి దిగుతుందనేది ఆ మాటకు అర్థం. దీపం ఆరితే ఫిర్యాదు వస్తుంది, మసకబారితే ఎవరూ చెప్పరు. ఇక పన్నెండేళ్ల మాట అటుంచి, రెండేళ్లకే ఆరిపోయినవి వందలకొద్దీ షెడ్డుకొచ్చేవి. విప్పి బల్ల మీద పెడితే చిప్పులు నిక్షేపంగా ఉండేవి. పోయింది డ్రైవరు. ఇంటి కరెంటును చిప్పులకు తగినట్టు మార్చే చిన్న డబ్బా అది. మూత తీయగానే కాలిన వాసన. కెపాసిటర్ల పైభాగం పూరీలా ఉబ్బి, పక్కన ఉప్పెన వోల్టేజీని ఆపాల్సిన బిళ్ల నల్లగా మాడి కనిపించేది.

ఎందుకు మాడింది? వేసవిలో ఈదురుగాలి, ఉరుములు, మెరుపులు. తీగ మీదికి ఒక్కసారిగా వేల వోల్టుల ఉప్పెన వస్తుంది. దాన్ని భూమిలోకి పంపే పరికరం దీపంలో ఉన్నా, స్తంభానికి ఎర్తింగు లేకపోతే అదెక్కడికి పంపుతుంది? ఎర్తింగు కాగితం మీద ఉంటుంది, గుంటలో ఉండదు. ఇంకోటి న్యూట్రల్. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ జాయింటు వదులై ఊడిందంటే, 230 వోల్టులు రావాల్సిన చోట 400 దాకా వచ్చిపడుతుంది. ఒక్క రాత్రిలో వీధి వీధంతా మాడిపోతుంది, ఇళ్లలో టీవీలతో సహా. అర్ధరాత్రి దాటాక వాడకం తగ్గి వోల్టేజీ పెరగడం పల్లెల్లో మామూలే. కాబట్టి దీపాలు కొనేటప్పుడు వాట్లూ ధరా చూసి ఊరుకోకుండా, ఎంత వోల్టేజీ దాకా తట్టుకుంటుంది, 10 వేల వోల్టుల ఉప్పెనను ఆపే రక్షణ ఉందా అని అడగాలి. డ్రైవరు విడిగా మార్చుకునే వీలుందా అనేది అన్నిటికన్నా ముందు అడగాలి. కొన్ని దీపాల్లో చిప్పులూ డ్రైవరూ ఒకే పలక మీద అతికించి ఉంటాయి. చవక. పాడైతే మొత్తం చెత్తకుప్పకే.

పల్లె దీపాలకు ఇంకో తిప్పలుంది. పగలంతా వెలుగుతుంటాయి. జనం పంచాయతీని తిడతారు. అసలు కారణం తీగ లేకపోవడం. వీధి దీపాలను ఒకేసారి ఆర్పాలన్నా, వెలిగించాలన్నా వాటికి వేరే తీగ కావాలి. థర్డ్ వైరు అంటారు లైన్‌మన్లు. అది లేని చోట దీపాన్ని ఇళ్లకు పోయే తీగకే కలిపేస్తారు. ఇక దానికి స్విచ్చి ఎక్కడుంటుంది? 20 వాట్ల దీపం పగలు 13 గంటలు ఊరికే వెలిగితే ఏడాదికి 95 యూనిట్లు. ఊళ్లో అలాంటివి 200 ఉంటే 19 వేల యూనిట్లు. దీపం ఆయుష్షు కూడా సగానికి పడిపోతుంది. తెలంగాణలో 2019లో మొదలైన పల్లె ప్రగతిలో థర్డ్ వైరు వేయించడం, వీధి దీపాలకు మీటర్లు పెట్టించడం కూడా చేర్చారు. పథకాల పేర్లలో ఇది వినపడదు గానీ, ఎల్‌ఈడీ కన్నా ముందు చేయాల్సిన పని ఇదే.

తీగ వేశాక టైమరు. సాయంత్రం ఆరింటికి, పొద్దున్నే ఆరింటికి అని పెట్టి వదిలేస్తే కుదరదు. తూర్పు నుంచి పడమరకు ఒక డిగ్రీ జరిగితే పొద్దుగూకడం నాలుగు నిమిషాలు ఆలస్యం. ఇచ్ఛాపురానికీ హిందూపురానికీ ఏడు డిగ్రీల తేడా. దాదాపు అరగంట. ఇచ్ఛాపురంలో చీకటి పడ్డాక కూడా హిందూపురంలో పిల్లలు క్రికెట్టు ఆడుతుంటారు. హైదరాబాదులోనే జూన్‌లో ఏడుకు కాస్త ముందు పొద్దుగూకితే, డిసెంబరులో ఆరు కాకముందే. ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే రోజురోజుకూ సమయం తనే మార్చుకునే టైమర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిలో తేదీ, గడియారం సరిగ్గా ఉన్నాయో లేదో ఆరు నెలలకోసారైనా చూడాలి.

ఆ టైమరు ఉండే డబ్బాను సీసీఎంఎస్ బాక్సు అంటారు. అందులో సిమ్‌కార్డు ఉంటుంది, కంట్రోల్ రూముకు సమాచారం పంపుతుంది. దాని తెలివి ఎంతంటే, 20 వాట్ల దీపాలు 40 ఉన్న వీధిలో 800 వాట్లు నడవాలి, 720 నడుస్తోందంటే నాలుగు ఆరిపోయాయని చెప్తుంది. ఏ నాలుగో చెప్పలేదు. వాటిని వెతకడానికి మనిషి రాత్రిపూట వీధంట తిరగాల్సిందే. ఇంకో విషయం, ఆ డబ్బా తలుపు సరిగ్గా మూయకపోతే వెచ్చదనానికి బల్లులు చేరతాయి. దీపాలను వేసి ఆర్పే కాంటాక్టరు రెండు ముక్కల మధ్య బల్లి ఇరుక్కుని వీధి మొత్తం చీకటైన రాత్రులున్నాయి. కంట్రోల్ రూము తెర మీద అది వేరే ఏదో సాంకేతిక లోపంలా కనిపిస్తుంది.

పగలు లైట్లు వెలుగుతున్నాయని ఫొటోలు తీసి పెడుతుంటారు చాలామంది. కొన్నిసార్లు అది మావాళ్ల పనే. దీపం పాడైనట్టు తెలిసేది రాత్రి, బాగుచేసే బృందం ఎక్కేది పగలు. బాగైందో లేదో తెలియాలంటే ఆ లైనంతా వేసి చూడాలి. గంటలో ఆర్పేస్తారు. మరునాడు కూడా వెలుగుతుంటే తిట్టండి.

ఎక్కడం అన్నాను కదా, అక్కడొక చిక్కుముడి ఉంది. స్తంభం విద్యుత్ సంస్థది. దీపం పంచాయతీదో, మునిసిపాలిటీదో. లైన్‌మన్ దీపం ముట్టుకోడు, అది అతని పని కాదు. పంచాయతీ ఎలక్ట్రీషియన్ స్తంభం ఎక్కాలంటే లైను ఆపించాలి, ఎల్‌సీ తీసుకోవాలి, అంటే సబ్‌స్టేషన్ నుంచి లైను ఆపినట్టు మాట. ఒక్క దీపం కోసం ఊరంతా కరెంటు తీయించడం ఎందుకని, చెయ్యి తిరిగినవాణ్ణి కదా అని, చేతికి గ్లవ్స్ కూడా లేకుండా ఎక్కేస్తారు. ప్రాణాలు పోయేది అప్పుడే. అలా ఎక్కే కుర్రాడు చాలాసార్లు రోజు కూలికి వచ్చినవాడై ఉంటాడు, పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఆరిపోయిన దీపం ఇంకో రెండు రోజులు ఆగినా ఫరవాలేదు, ఎల్‌సీ లేకుండా ఎవరినీ ఎక్కించకండి. ఇది మాత్రం నేను ఎక్కడ మాట్లాడినా చెప్తాను.

హైమాస్ట్ దీపాల గురించి తక్కువే చెప్తాను. 12, 16 మీటర్ల ఎత్తున గుత్తిగా దీపాలు. కూడళ్లకు మంచివే. వాటిని బాగుచేయాలంటే దీపాల చట్రాన్ని ఉక్కు తాడుతో కిందికి దించాలి. తాడుకు గ్రీజు పెట్టక, చక్రం తిప్పక, నాలుగేళ్లు పోయాక దించబోతే సగంలో ఇరుక్కుంటుంది. ఆ తర్వాత ప్రారంభోత్సవం శిలాఫలకం కింద, దీపాలు పైన, రెండూ చీకట్లో. సౌర దీపాలదీ అదే కథ, బ్యాటరీ మార్చే డబ్బు ఎవరిస్తారో మొదటి రోజే తేలాలి. పలక మీద దుమ్ము తుడిచే మనిషి కూడా ఉండాలి.

ఇంత చెప్పి, కొలవడం కష్టమేమో అనుకుంటారని ఒక ఉదాహరణ. ఢిల్లీలో సేఫ్టీపిన్ అనే సంస్థ కార్లకు ఫోన్లు బిగించి రాత్రిపూట రోడ్లన్నీ ఫొటోలు తీసింది. 2016లో ఏడు వేలకు పైగా చీకటి చోట్లు గుర్తించి ప్రభుత్వానికి జాబితా ఇచ్చింది. రెండేళ్లలో వాటిలో ఎక్కువ భాగం సరిచేశారు. అక్కడ లెక్క దీపాల నుంచి కాదు, చీకటి నుంచి మొదలైంది. మన ఊరికి కార్లు, కెమెరాలు అక్కర్లేదు. అమావాస్యకు ముందో వెనకో ఒక రాత్రి, దుకాణాలు మూశాక, వార్డు సభ్యురాలు, పంచాయతీ కార్యదర్శి, ఎలక్ట్రీషియన్ ముగ్గురూ ఊరంతా నడిస్తే చాలు. స్తంభాలకు నంబర్లు వేసి ఉంటే ఇంకా మేలు. నంబరు లేని ఊళ్లో ఫిర్యాదు ఎలా ఉంటుందంటే, మా వీధిలో మూడో లైటు అంటారు. ఏ చివరి నుంచి మూడోది? మనిషి నిచ్చెన మోసుకొచ్చి, వెతికి, వెళ్లిపోతాడు. ఫిర్యాదు పరిష్కరించబడినది అని ఫోనుకు సందేశం మాత్రం వస్తుంది.

అందుకని శ్రోతలకు నా మనవి. లైటు పోతే స్తంభం నంబరు, లేకపోతే ఎదురింటి గుర్తు చెప్పి పంచాయతీకో, మునిసిపాలిటీకో ఫిర్యాదు చేయండి. 1912 విద్యుత్ సంస్థ నంబరు, తీగ తెగినా, స్తంభం ముట్టుకుంటే జివ్వుమన్నా దానికి చేయాలి. వానాకాలంలో ఇనుప స్తంభాల జోలికి పిల్లల్ని పోనివ్వకండి. గేదెల్ని స్తంభానికీ, స్టే వైరుకూ కట్టకండి. స్తంభం అడుగున డబ్బా మూత ఊడి తీగలు బయటికి కనిపిస్తే, అది లైటు పోవడం కన్నా పెద్ద సంగతి, ఆ గంటలోనే చెప్పండి. వచ్చే గ్రామసభలో కొత్త లైట్లు కావాలని అడిగే ముందు మూడు విషయాలు అడగండి: మన ఊరికి థర్డ్ వైరు ఉందా, విడి డ్రైవర్లు ఎన్ని నిల్వ ఉన్నాయి, లైటు పోతే ఎక్కే మనిషి ఎవరు, అతనికి గ్లవ్స్, బెల్టు ఇచ్చారా. జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించండి.